మోకాలిలోని కుదురు



గుండ్రటి అడుగున్న కుండని ఉత్త నేలమీద పెడితే నిలుస్తుందా? అటో యిటో దొర్లుతుంది. అందుకే మన పెద్దవాళ్లు గడ్డితోనో, పాతగుడ్డతోనో చుట్ట చుట్టి దానిమీద కుండని కూర్చోబెట్టేవారు. దాన్నే కుదురు అంటాం. మన మోకాలిలో కూడా అలాంటి కుదుళ్లు రెండున్నాయి. పిల్లల్లో ఆ కుదురు చిరిగితే ఏం చెయ్యాలి, ఆపరేషన్ అన్నప్పుడు తల్లి ఏమేం అడిగి తెలుసుకోవాలి అన్న సంగతి యీవేళ చెప్పుకుందాం.

తొడ ఎముక కింది కొస రెండు గుండ్రటి బుడిపెలుగా వుంటుంది. దానికింద వున్న కాలి ఎముక పైభాగమేమో యించుమించు చదును. గుండ్రటిది చదునుమీద నిలవాలంటే మధ్యన కుదురు వుండాలి కదూ! లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి వున్నాయి. డాక్టర్లు వీటిని మెనిస్కస్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకి చిన్న నెలవంక అని అర్థం. లోపలివైపుది నెలవంకలాగే వుంటుంది. బయటివైపుది యింకాస్త గుండ్రంగా వుంటుంది. ఒంటి బరువు ఎముకమీద ఒక్కచోటే పడకుండా నాలుగువైపులా పంచిపెట్టడం వీటి పని.

యీ సంగతి పూర్వం డాక్టర్లకే సరిగా తెలియదు. 1887లో బ్లాండ్ సట్టన్ అనే ఇంగ్లీషు సర్జన్, యివి ఎప్పటివో కండరాల అవశేషాలు, వీటివల్ల పనేమీ లేదని రాశాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1883లో, ఎడింబరోలో థామస్ ఆనండేల్ ఒక గని కార్మికుడి మోకాలిలో వూడివచ్చిన మెనిస్కస్‌ని కుట్టి నిలబెట్టాడు. అయినా ఆ తర్వాత చాలాకాలం, చిరిగిందంటే తీసిపారేయడమే పద్ధతిగా వుండేది. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే సర్జన్, అలా తీసేసిన మోకాళ్ల ఎక్స్‌రేలు చూసి, కీలు సందు సన్నబడటం, ఎముక అంచున గట్టు లేవడం గమనించి రాశాడు. కుదురు తీసేస్తే కీలు అరుగుతుందన్నమాట. అరవయ్యేళ్లవారి సంగతి వేరు. పదేళ్ల పిల్ల ఆ మోకాలితో యింకా ఎన్ని దశాబ్దాలు నడవాలో ఆలోచించండి! అంచేత పిల్లల్లో వీలైనంతవరకు కుట్టి కాపాడాలన్నదే నేటి వైద్యుల మాట.

యిది ఎలా చిరుగుతుంది? ఖోఖోలోనో, కబడ్డీలోనో, పాదం నేలకి ఆనివుండగానే ఒళ్లు గిర్రున తిరిగితే మోకాలు మెలిపడుతుంది. కొందరు పిల్లలకి పుట్టుకతోనే యీ కుదురు నెలవంకలా కాక బిళ్లలా వుంటుంది. సాధారణంగా బయటివైపుదే అలా వుంటుంది. దెబ్బ లేకపోయినా వాళ్లకి నడుస్తూంటే మోకాలు టక్కుమంటుంది. మోకాలు వాచడం, పూర్తిగా చాపలేకపోవడం, మధ్యలో తాళం వేసినట్టు పట్టేయడం, యివీ చిరుగు లక్షణాలు. "బెణికిందిలే, నూనె రాస్తే పోతుంది" అని వూరుకోకండి. ఎముక విరిగితే కట్టు కట్టించడం మనకి అలవాటే. కానీ యిది ఎముక కాదు. ఎక్స్‌రేలో యిది కనబడదు. ఎం.ఆర్.ఐ. తీయించాలి. మోకాలు పట్టేసి చాపలేకపోతుంటే ఆలస్యం అసలే చేయకూడదు.

పిల్లల విషయంలో ఒక మంచి సంగతుంది. పుట్టినప్పుడు మెనిస్కస్ అంతటా నెత్తురు నాళాలుంటాయి. ఎదిగేకొద్దీ అవి లోపలి అంచునుంచి తగ్గుతూ వస్తాయి. పదేళ్ల వయసుకి యించుమించు పెద్దవాళ్లలాగే, వెలుపలి అంచున మాత్రమే మిగులుతాయి. నెత్తురు అందేచోట కుట్టు బాగా అతుక్కుంటుంది.

మరి యీ కుట్టు ఎలా వేస్తారు? చిన్న రంధ్రాల్లోంచి పెన్సిలంత గొట్టాన్ని, సన్నటి పనిముట్లని పంపి, తెరమీద చూస్తూ వేస్తారు. 1969లో టోకియోలో ఇకెయూచి అనే డాక్టరు యీ పద్ధతిలో మొదటిసారి కుట్టాడు. పైకి గాయం చిన్నదే. కానీ జాగ్రత్త పెద్దదే కావాలి. మోకాలు కాస్త వంచి, వెనక గుంటలో వేళ్లతో గట్టిగా నొక్కి చూడండి, నాడి తగులుతుంది. మోకాలికింద కాలికంతటికీ నెత్తురు తీసుకువెళ్లే పెద్ద ధమని అది. బయటివైపు మెనిస్కస్ వెనక కొమ్ముకి సరిగ్గా వెనకే వుంటుంది. కుట్టే సూది కాస్త ఎక్కువ దూరం దిగితే దాన్ని తాకవచ్చు. పిల్లల మోకాలు చిన్నది కనుక ఆ ఎడం యింకా తక్కువ. మోకాలి బయటివైపున పాదాన్ని పైకెత్తే నరం వుంది. అది దెబ్బతింటే పాదం వేలాడిపోతుంది.

అందుకే అనుభవమున్న సర్జన్లు ముందే ఎం.ఆర్.ఐ.లో ఆ ఎడం ఎంతో చూసుకుంటారు. సూది లోతు మించకుండా అడ్డు పెట్టుకుంటారు. ఏ వైపునుంచి, ఏ కోణంలో గుచ్చాలో ఎంచుకుంటారు. సూదిని లోపలినుంచి బయటికి తీసే పద్ధతైతే, మోకాలి పక్కన వెనకగా చిన్న గాటు పెట్టి, చెంచాలాంటి పనిముట్టు అడ్డుంచి నరాన్నీ ధమనినీ కాపాడతారు. యిలాంటి ప్రమాదాలు అరుదు. అరుదైనా, జరిగితే కాలికే ముప్పు కదా!

కాబట్టి ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారిని నిదానంగా అడగండి: కుడతారా, తీసేస్తారా? పిల్లల మోకాళ్లకి యీ ఆపరేషన్ చేసిన అనుభవం వుందా? వెనక ధమని ఎంత ఎడంలో వుంది? లిగమెంటు కూడా తెగిందా? తెగితే దానికోసం ఎముకలో రంధ్రం చేయాల్సి రావచ్చు. ఎముక పెరిగే పలక దెబ్బతినకుండా ఏం చేస్తారో కూడా అడగాలి. ఆ పలక ఆడపిల్లల్లో సుమారు పద్నాలుగు, మగపిల్లల్లో సుమారు పదహారేళ్లదాకా తెరుచుకునే వుంటుంది. యిలా అడిగితే మంచి డాక్టరెవరూ కోపగించుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే ఆపరేషన్లకి ఒక జాగ్రత్తల పట్టిక యిచ్చింది. రోగి పేరు, ఆపరేషన్ చేయాల్సిన చోటు సరిచూసుకోవడం అందులో వుంది. మత్తు యివ్వకముందే సరైన కాలిమీదే గుర్తు పెట్టారో లేదో తల్లి చూసుకోవడంలో తప్పేమీ లేదు.

ఆపరేషన్ అయ్యాక పాదం వెచ్చగా వుందా, కాలివేళ్లు పైకెత్తగలుగుతోందా చూస్తూవుండండి. పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, పిక్క బిగుసుకుని నొప్పి అంతకంతకూ ఎక్కువవుతున్నా తెల్లారనిద్దామని ఆగకండి. అప్పటికప్పుడు డాక్టరుకి చెప్పండి.

కుట్టు అతుక్కునేదాకా కొన్ని వారాలు చంకకర్రలు, మోకాలికి పట్టీ తప్పవు. బాసింపట్టు వేసుకోవడం, గొంతుకూర్చోవడం డాక్టరు చెప్పేదాకా వద్దు. దొడ్డికి వెళ్లడానికి కుర్చీలాంటి ఏర్పాటు చేయండి. ఆటలకి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. నొప్పి తగ్గింది కదా అని పిల్లలు పరుగెడతామంటారు. నొప్పి తగ్గినంత మాత్రాన కుట్టు అతికినట్టు కాదు. డాక్టరు చూసి సరేనన్నాకే పంపండి.

యీ ప్రశ్నలన్నీ ఒక కాగితంమీద రాసిపెట్టుకుంటే, ఆ రోజు కంగారులో మరిచిపోకుండా వుంటాయి.