లింగ నిర్ధారణ – లింగ సహలగ్న అనువంశికత

ఉపోద్ఘాతం

తలిదండ్రుల లక్షణాలు జన్యువుల ద్వారా పిల్లలకు వస్తాయని మీకు తెలుసు. ఇప్పుడు రెండు ప్రశ్నలు ఆలోచించండి. వరుసగా ఆడపిల్లలు పుడితే తల్లిని నిందించడం మీరు వినే ఉంటారు. అందులో న్యాయం ఉందా? తలిదండ్రులిద్దరికీ చూపు బాగానే ఉన్నా, కొడుకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా పోల్చుకోలేకపోవడం ఎలా జరుగుతుంది? ఈ రెండింటికీ జవాబు ఒకే జత క్రోమోజోముల్లో ఉంది.

ఈ పాఠం చదివాక మీరు:
• బిడ్డ లింగం ఎలా నిర్ణయమవుతుందో వివరించగలుగుతారు.
• కొన్ని లోపాలు మగవారిలోనే ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో చెప్పగలుగుతారు.

1. ఆడబిడ్డా, మగబిడ్డా?

మనిషి శరీర కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. వీటిలో 22 జతలు స్త్రీ పురుషులిద్దరిలో ఒకే విధంగా ఉంటాయి. 23వ జత లైంగిక క్రోమోజోములు. స్త్రీలో ఇవి రెండూ ఎక్స్. పురుషునిలో ఒకటి ఎక్స్, రెండవది చిన్నదైన వై.

అండంలోకి, శుక్రకణంలోకి ప్రతి జత నుంచి ఒక్కొక్క క్రోమోజోమే చేరుతుంది. కాబట్టి తల్లి అండాలన్నింటిలో ఎక్స్ ఉంటుంది. తండ్రి శుక్రకణాల్లో సగం ఎక్స్‌ను, సగం వైని మోస్తాయి.

• అండం (ఎక్స్) + శుక్రకణం (ఎక్స్) = ఆడబిడ్డ
• అండం (ఎక్స్) + శుక్రకణం (వై) = మగబిడ్డ

1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగులలో ఈ తేడాను గుర్తించింది. పిండాన్ని మగబిడ్డగా మలచడం మొదలుపెట్టే ఎస్.ఆర్.వై. అనే జన్యువు వై క్రోమోజోము మీద ఉందని 1990లో తెలిసింది.

బిడ్డ లింగాన్ని నిర్ణయించేది తండ్రి శుక్రకణమే. అయితే ఏ శుక్రకణం అండాన్ని చేరుతుందనేది తండ్రి చేతిలోనూ లేదు. నాణెం ఎగరేస్తే బొమ్మా, బొరుసా అన్నట్టే ఇది కూడా. ముగ్గురు ఆడపిల్లల తరువాత కూడా, నాలుగోసారి ఆడబిడ్డకూ మగబిడ్డకూ అవకాశం దాదాపు సమానమే. కాబట్టి తల్లిని నిందించడానికి ఎలాంటి ఆధారమూ లేదు.

జ్ఞాపకం ఉంచుకోండి: కడుపులోని బిడ్డ ఆడో మగో పరీక్ష చేయించి తెలుసుకోవడం, తెలియజేయడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

2. ఎక్స్ మీద ఉన్న జన్యువులు

ఎక్స్ మీద ఉన్న జన్యువుల్లో చాలావాటికి వై మీద జోడు ఉండదు. ఇలాంటి జన్యువుల వల్ల వచ్చే లక్షణాలను లింగ సహలగ్న లక్షణాలు అంటారు. 1910లో థామస్ హంట్ మోర్గాన్ పండ్ల ఈగల్లో తెల్లకన్ను లక్షణం ఇలా సంక్రమించడాన్ని గమనించాడు.

స్త్రీకి ఒక ఎక్స్ మీద లోపమున్న అంతర్గత జన్యువు ఉన్నా, రెండవ ఎక్స్ మీది మంచి జన్యువు సాధారణంగా పని నడిపిస్తుంది. లోపం పైకి కనిపించదు గాని పిల్లలకు అందవచ్చు. అలాంటి స్త్రీని వాహకురాలు అంటారు. పురుషునికి ఉన్నది ఒకే ఎక్స్. దానిలో లోపముంటే కప్పిపుచ్చే జోడు లేదు. ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత, గాయమైతే రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా మగవారిలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

3. మేనమామ పోలిక

ఛత్తీస్‌గఢ్‌లోని నందిని గనుల సున్నపురాయి భిలాయి ఉక్కు కర్మాగారానికి పోతుంది. భిలాయి ప్రాంతంలో తెలుగువారు చాలామంది స్థిరపడ్డారు. నందినిలో అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఆ ఇంటి కొడుకు రైలింజను నడిపే ఉద్యోగానికి రాత పరీక్ష నెగ్గాడు. కంటి పరీక్షలో మాత్రం రంగు చుక్కల మధ్య దాగిన అంకెను చదవలేకపోయాడు. సిగ్నలు రంగులు పోల్చలేనివారిని ఆ పనికి తీసుకోరు. “మా వంశంలో ఎవరికీ లేదే!” అన్నాడు తండ్రి. నిజమే. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై; ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి తల్లి వైపు చూడాలి.

మేనమామకు కూడా వర్ణాంధత ఉందని తేలింది. అంటే అమ్మమ్మ వాహకురాలు. లోపమున్న ఎక్స్‌ను ఆమె తన కొడుక్కీ, కూతురికీ ఇచ్చింది. తాతయ్య నుంచి మంచి ఎక్స్ రావడం వల్ల ఆ కూతురికి, అంటే ఈ యువకుని తల్లికి, చూపు బాగుంది. ఆమెకు పుట్టబోయే ప్రతి బిడ్డ విషయంలో అవకాశాలు ఇవి:

• కొడుకైతే: వర్ణాంధత ఉండే అవకాశం సగం
• కూతురైతే: వాహకురాలయ్యే అవకాశం సగం

ఇందులో తల్లి తప్పేమీ లేదు. తన దగ్గర ఈ జన్యువు ఉందని ఆమెకే తెలియదు. కొడుకూ రోగి కాడు. రంగులతో నిమిత్తం లేని పనులన్నీ అందరిలాగే చేయగలడు.

4. మేనరికం చేసుకుంటే?

ఈ యువకుడు ఆ మేనమామ కూతుర్నే పెళ్లాడాడనుకుందాం. మామ తన ఒకే ఎక్స్‌ను కూతురికి ఇస్తాడు. కనుక ఆమె తప్పక వాహకురాలు. ఈ దంపతులకు పుట్టే కొడుకులకే కాక కూతుళ్లకూ వర్ణాంధత వచ్చే అవకాశం సగం ఉంటుంది. స్త్రీలలో అరుదైన ఈ లోపం ఆ ఇంట అరుదు కాకుండా పోతుంది.

ఆంధ్రలో జరిగే దగ్గరి బంధువుల వివాహాలను ద్రోణంరాజు కృష్ణారావు అధ్యయనం చేశారు. ఈయన కలకత్తాలో ప్రసిద్ధ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పరిశోధన చేసిన తెలుగువారు. చెవి డొప్పల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి వై ద్వారా వస్తాయని 1960లో ఆయన ప్రతిపాదించారు. 2004లో దక్షిణ భారతీయుల వై క్రోమోజోములను పరీక్షించినప్పుడు ఈ ప్రతిపాదనకు ఆధారం దొరకలేదు. వంశవృక్షం ఇచ్చిన సూచనను కొత్త పరీక్షలతో సరిచూసుకోవాలని దీనివల్ల గ్రహించవచ్చు.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు

1. వర్ణాంధత ఉన్న తండ్రి నుంచి ఆ జన్యువు కొడుక్కి వస్తుందా?
2. వర్ణాంధత ఉన్న స్త్రీకి, మంచి చూపు ఉన్న పురుషునికి పుట్టే కొడుకుల చూపు ఎలా ఉంటుంది?

జవాబులు

1. రాదు. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై.
2. కొడుకులందరికీ వర్ణాంధత ఉంటుంది. తల్లి రెండు ఎక్స్‌ల మీదా లోపమున్న జన్యువే ఉంది.

ఇప్పుడు మీ కుటుంబంలో మూడు తరాల వంశవృక్షం గీయండి. అమ్మమ్మ నుంచి మీ వరకు ఒక ఎక్స్ ఏయే దారుల్లో రాగలదో గుర్తించండి.