వెదురు బొంగుల ఆట - టినిక్లింగ్

మిజోరం వాళ్ళు వెదురు బొంగుల మధ్య గెంతుతూ ఆడే చెరావ్ నాట్యాన్ని మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అలాంటిదే ఫిలిప్పీన్స్ దేశంలోనూ ఉంది. పేరు టినిక్లింగ్. పొడుగు కాళ్ళ టిక్లింగ్ పక్షి గడ్డిలో, వెదురు ఉచ్చుల మధ్య తప్పించుకుంటూ నడిచే తీరును ఇందులో అనుకరిస్తారు. లేటె ద్వీపం దీనికి ప్రసిద్ధి.

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని రెండు పొడవాటి బొంగుల చివరలు పట్టుకుంటారు. బొంగుల కింద అడ్డంగా చెక్కలుంటాయి. తాళానికి మూడు దెబ్బలు. ఒక దెబ్బకు బొంగులు ఒకదానికొకటి తగులుతాయి, మిగతా రెండు దెబ్బలు విడివిడిగా చెక్కల మీద పడతాయి. బొంగులు విడిపోయినప్పుడు కాలు లోపల, కలిసేటప్పుడు బయట ఉండాలి. పోనుపోను వేగం పెరుగుతుంది. లెక్క తప్పితే చీలమండ నలిగినట్టే!

ఈ నాట్యాలు కాగితం మీదికి ఎక్కడానికి ముఖ్య కారణం ఫ్రాన్సిస్కా రేయెస్ అక్వినో అనే ఉపాధ్యాయురాలు. అమెరికా పాలనలో బడులన్నీ ఇంగ్లీషులో నడుస్తున్న రోజుల్లో ఆమె పల్లెలు తిరిగి, ముసలివాళ్ళను అడిగి అడుగులు రాసుకున్నారు. 1973లో ఆ దేశం ఆమెను జాతీయ కళాకారిణిగా గౌరవించింది.

1965 వలస చట్టం తర్వాత నర్సులు, డాక్టర్లు ఎందరో ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వెళ్ళారు. వాళ్ళ పిల్లల్లో చాలామందికి అమ్మ భాష రాదు. కాలిఫోర్నియా కాలేజీల్లో అలాంటి విద్యార్థులే ఏటా 'పిలిపినో కల్చరల్ నైట్' జరుపుతారు. చదువులయ్యాక రాత్రిపూట పార్కింగ్ స్థలాల్లో నెలల తరబడి సాధన చేస్తారు. భాష పోయినా అడుగు మిగిలిందన్నమాట.

అయితే అక్కడ ఒక చిక్కుంది. వాళ్ళు ఆడే మరో నాట్యం సింకిల్, మిండనావ్ ద్వీపంలోని మరనావ్ ముస్లింలది. వాళ్ళ దరాంగెన్ ఇతిహాసంతో దానికి సంబంధం. ప్రపంచం ఎక్కువగా చూసిన సింకిల్ మాత్రం మనీలాలో 1957లో ఏర్పడిన బయానిహాన్ బృందం స్టేజీ కోసం మలిచినది. మా నాట్యాన్ని మమ్మల్ని అడగకుండా మార్చారని మరనావ్ వాళ్ళలో కొందరి బాధ. డప్పు కొట్టినందుకు ఊళ్ళో వెలివాడలో ఉంచబడ్డవాళ్ళ పిల్లలం మనం, అదే డప్పు స్టేజీ ఎక్కి చప్పట్లు అందుకోవడం చూస్తున్నవాళ్ళం. ఆ బాధ మనకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే సింకిల్ ఆడేముందు మరనావ్ వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవాలని అడిగే విద్యార్థుల మాటే నాకు సబబుగా తోస్తుంది.