తుపాను బయటపెట్టిన ఊరు

స్కాట్లండ్‌లో చదువుతున్న మనవాళ్లని సెలవుల్లో ఏం చూశారని అడిగితే, ఎక్కువగా ఎడిన్‌బరో కోట, లాక్‌ నెస్‌ అంటారు. ఇంకా ఉత్తరానికి పోతే రోడ్డే అయిపోతుంది. స్క్రాబ్‌స్టర్‌లో ఫెర్రీ ఎక్కితే గంటన్నరలో ఆర్క్‌నీ దీవుల్లో దిగొచ్చు. చెట్లు పెద్దగా ఉండవు. గాలి, గడ్డి, పశువులు, రాళ్లు. ‘ఇందుకా ఇంత దూరం వచ్చింది?’ అనిపిస్తుంది. అసలు సంగతి ఆ రాళ్లలోనే ఉంది.

1850 శీతాకాలంలో ఓ పెద్ద తుపాను ఇక్కడి ఇసుక దిబ్బ మీది గడ్డిని పెకలించేసింది. కింద స్కారా బ్రే అనే రాతి ఊరు బయటపడింది. వయసు దాదాపు 5,000 ఏళ్లు, అంటే గిజా పిరమిడ్ల కంటే పాతది! కలప కరవు కాబట్టి మంచాలు, అలమరలు కూడా రాతివే. ఇంటి మధ్యలో పొయ్యి, గుమ్మానికి ఎదురుగా అలమర. 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

చిక్కేంటంటే, బయటపెట్టిన సముద్రమే ఇప్పుడు తినేస్తోంది. 1924లో మరో తుపాను ఒక ఇంట్లో కొంత భాగాన్ని లాక్కుపోయింది. ఆ తర్వాతే అడ్డుగోడ కట్టారు. గోడకు అటూ ఇటూ తీరం ఇంకా కోసుకుపోతూనే ఉంది. రౌజీ దీవిలోని స్వాండ్రోలో ఇంకా కష్టం. అలలు పట్టుకెళ్లే లోపు తవ్వి, దొరికిందల్లా నమోదు చేసుకోవాల్సిందే. బ్రాడ్‌ఫర్డ్‌ యూనివర్సిటీ నిపుణులు చాలాకాలంగా ఆ పనిలోనే ఉన్నారు.

నెస్‌ ఆఫ్‌ బ్రాడ్గర్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 2024లో తవ్వకాలు ముగించి, మళ్లీ మట్టి కప్పేశారు. ఇన్నేళ్లు తవ్వింది పూడ్చడమేంటని మొదట నాకూ అనిపించింది. అక్కడి రాయి గాలికీ వానకీ పొరలుగా విడిపోతుందట. మట్టి కిందే దానికి భద్రం.

ఇదంతా హిస్టరీ వాళ్ల పని అనుకోకండి. తీరం ఎంత కోసుకుపోయిందో కొలవడానికి జీఐఎస్‌, డ్రోన్‌ సర్వే, 3డీ స్కానింగ్‌ తెలిసినవాళ్లు కావాలి. జియాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లకూ చోటుంది. ఆర్క్‌నీలోని కర్క్‌వాల్‌లోనే యూనివర్సిటీ ఆఫ్‌ ది హైలాండ్స్‌ అండ్‌ ఐలాండ్స్‌ వారి ఆర్కియాలజీ ఇన్‌స్టిట్యూట్‌ ఉంది. యూకే విజిటర్‌ వీసాపై వెళ్లినవాళ్లు రిజిస్టరైన చారిటీలో మొత్తం 30 రోజులకు మించకుండా వాలంటీర్‌గా చేయొచ్చు. జీతం ఉండదు. స్టూడెంట్‌ వీసా రూల్స్‌ వేరు కాబట్టి ముందే మీ యూనివర్సిటీలో అడగండి.

వెళ్తే జూన్‌లో వెళ్లండి, పగలు దాదాపు 18 గంటలు. గాలి గట్టిగా వీస్తే ఫెర్రీ ఆగిపోతుంది, ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. డబ్బు మిగిలితే వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి విమానం ఎక్కండి. ప్రపంచంలోనే అతి చిన్న రెగ్యులర్‌ ఫ్లైట్‌ అది, బెల్టు పెట్టుకున్నామో లేదో రెండు నిమిషాల్లో దింపేస్తుంది. అక్కడ న్యాప్‌ ఆఫ్‌ హోవర్‌ అని, స్కారా బ్రే కంటే పాత రాతి ఇళ్లు రెండున్నాయి. అవీ సరిగ్గా సముద్రం ఒడ్డునే.