పరవూరు ఎన్నిక: ఓటింగ్ యంత్రానికి తొలి పరీక్ష

విద్యార్థులారా! ఎన్నికల రోజున మీ పెద్దలతో పోలింగ్ కేంద్రం దాకా వెళ్ళినప్పుడో, టెలివిజన్‌లోనో మీరు ఓటింగ్ యంత్రాన్ని చూసే ఉంటారు. బటన్ నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, ‘బీప్’ అని శబ్దం వస్తుంది, ఓటు నమోదవుతుంది. మరి ఈ యంత్రాన్ని మన దేశంలో ఎన్నికలకు మొట్టమొదట ఎక్కడ వాడారు? అక్కడి ఫలితం ఎందుకు నిలవలేదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కేరళలోని ఒక శాసనసభ నియోజకవర్గ చరిత్రలో ఉంది. ఎర్నాకుళం జిల్లాలోని ఆ నియోజకవర్గం పేరు పరవూరు.

ముందుగా యంత్రం పుట్టుక చూద్దాం. కాగితపు బ్యాలెట్ పత్రాలను ముద్రించడం, పెట్టెల్లో భద్రపరచడం, ఒక్కొక్కటిగా లెక్కించడం ఎంతో శ్రమతో కూడిన పని. అందుకే 1977లో ఎన్నికల సంఘం యంత్రం గురించి ఆలోచన చేసింది. మన హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఇ.సి.ఐ.ఎల్., 1979లో నమూనా యంత్రాన్ని తయారుచేసింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాని పనితీరును రాజకీయ పార్టీల ప్రతినిధులకు చూపించింది.

యంత్రంలో ముఖ్య భాగాలు రెండు. ఓటరు బటన్ నొక్కేది బ్యాలెట్ యూనిట్. పోలింగ్ అధికారి దగ్గర ఉండేది కంట్రోల్ యూనిట్. ఈ రెండింటినీ ఒక తీగ కలుపుతుంది. అధికారి తన దగ్గరున్న బటన్ నొక్కి అనుమతి ఇస్తేనే ఓటరు ఓటు వేయగలడు. ఒక ఓటు పడగానే, మళ్ళీ అనుమతి ఇచ్చేవరకు బ్యాలెట్ యూనిట్ పనిచేయదు.

ఇక పరవూరుకు వద్దాం. 1982 మే 19న అక్కడ పోలింగ్ జరిగింది. మొత్తం 84 పోలింగ్ కేంద్రాలలో 50 కేంద్రాల్లో యంత్రాలు పెట్టారు. మిగిలిన 34 కేంద్రాల్లో కాగితపు బ్యాలెట్లే వాడారు. ప్రధాన పోటీ భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన ఎన్. శివన్ పిళ్ళైకీ, అప్పటి శాసనసభ స్పీకర్, కాంగ్రెస్ నాయకుడు ఎ.సి. జోస్‌కూ మధ్య. పోలింగుకు ముందే యంత్రాలు వద్దంటూ శివన్ పిళ్ళై హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు జోక్యం చేసుకోలేదు.

ఫలితం చూడండి. శివన్ పిళ్ళైకి 30,450 ఓట్లు, జోస్‌కు 30,327 ఓట్లు వచ్చాయి. తేడా 123 మాత్రమే! గెలిచిన అభ్యర్థి ఓట్లలో 19,182 యంత్రాల ద్వారా వచ్చినవే. యంత్రాలను వద్దన్న అభ్యర్థి గెలిచారు. ఇప్పుడు యంత్రాల వాడకం చెల్లదంటూ కోర్టుకు వెళ్ళడం ఓడిన జోస్ వంతయింది.

హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టివేసింది. కానీ 1984 మార్చి 5న సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. న్యాయస్థానం ముందున్న అసలు ప్రశ్న ఏమిటో జాగ్రత్తగా గమనించండి. యంత్రం మంచిదా, చెడ్డదా అన్నది కాదు. దాన్ని వాడే అధికారం ఎన్నికల సంఘానికి ఉందా అన్నదే ప్రశ్న. రాజ్యాంగంలోని 324వ అధికరణం ఎన్నికల నిర్వహణ బాధ్యతను సంఘానికి అప్పగించింది, నిజమే. అయితే ఒక విషయంపై పార్లమెంటు చేసిన చట్టమూ, దాని కింద నియమాలూ ఉన్నప్పుడు సంఘం వాటికి లోబడే నడుచుకోవాలి. అప్పటి చట్టంలో, నియమాల్లో ఉన్నది బ్యాలెట్ పత్రం, బ్యాలెట్ పెట్టె మాత్రమే. అందుచేత ఆ 50 కేంద్రాల్లో మళ్ళీ కాగితంతో పోలింగ్ జరపాలని కోర్టు ఆదేశించింది. 1984లో జరిగిన ఆ రీపోలింగ్‌లో జోస్ గెలిచారు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. “రెండోసారి ఫలితం మారింది కాబట్టి యంత్రం తప్పుగా లెక్కించింది” అంటారు. ఇది సరైన తర్కం కాదు. ప్రయోగశాలలో ఒక ప్రయోగాన్ని మళ్ళీ చేసేటప్పుడు పరిస్థితులన్నీ మారకుండా చూస్తాం. రెండేళ్ళ తర్వాత జరిగిన పోలింగ్‌లో ఓటరు అభిప్రాయం మారి ఉండవచ్చు, ఓటు వేసినవారే వేరై ఉండవచ్చు. 123 ఓట్ల తేడా తారుమారు కావడానికి ఎంత మార్పు కావాలి? కాబట్టి రీపోలింగ్ యంత్రం తప్పు అనీ నిరూపించలేదు, ఒప్పు అనీ నిరూపించలేదు.

అయితే పరవూరు రెండు అవసరాలను మన ముందుంచింది. మొదటిది చట్టం. 1988 డిసెంబరులో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61-ఎ సెక్షన్‌ను చేర్చి యంత్రాలకు అనుమతి ఇచ్చింది. 1989 మార్చి 15న అది అమల్లోకి వచ్చింది. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ స్థానాల్లో యంత్రాలు వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా యంత్రాలతోనే జరిగాయి.

రెండవది సరిచూసుకునే వీలు. 1982 నాటి యంత్రంలో, తన ఓటు ఎవరికి పడిందో ఓటరు కాగితంపై చూసుకునే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటే వీవీప్యాట్. బటన్ నొక్కాక అభ్యర్థి పేరు, గుర్తు ఉన్న చీటీ అద్దం వెనుక 7 సెకన్లపాటు కనబడి, పెట్టెలో పడుతుంది. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో దీన్ని మొదట వాడారు. ప్రతి శాసనసభ నియోజకవర్గ పరిధిలో 5 పోలింగ్ కేంద్రాల చీటీలను లెక్కించి యంత్రం లెక్కతో పోల్చాలని 2019లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మరి పరవూరు ఏమైంది? 1987లో శివన్ పిళ్ళై మళ్ళీ గెలిచారు. 1991, 1996లలో కమ్యూనిస్టు పార్టీకే చెందిన పి. రాజు గెలిచారు. కేరళ అంతటా యంత్రాలు వాడిన 2001 ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి వి.డి. సతీశన్ గెలిచారు. 2021 వరకు వరుసగా 5 సార్లు ఆయనదే విజయం.

విద్యార్థులారా! యంత్రం ఓట్లను కూడగలదు. కానీ ఆ లెక్కను ఓడినవాడు కూడా అంగీకరించాలంటే దాని వెనుక చట్టం ఉండాలి, సరిచూసుకునే మార్గమూ ఉండాలి. రేపు మీరు ఓటు వేసేటప్పుడు ఆ 123 ఓట్లను ఒకసారి గుర్తుచేసుకోండి.