సబ్‌జైలు సిబ్బందికి ఉన్నచోటే శిక్షణ
వారానికి 20 నిమిషాలు చాలు.. ఖర్చు నామమాత్రమే

సబ్‌జైళ్లలో ఉండేవారిలో అత్యధికులు విచారణ ఖైదీలు. అంటే నేరం ఇంకా రుజువు కానివారు. వారి ప్రాణాలకు, హక్కులకు కాపలా ఉండేది కొద్దిమంది వార్డర్లే. ఉద్యోగంలో చేరినప్పుడు పొందిన శిక్షణతోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తే చట్టంలో వచ్చిన మార్పులు వారి దృష్టికి రాకుండా పోయే ప్రమాదముంది.

ఎందుకు వాయిదా?
దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారుల కోసం 1979లో వేలూరులో శిక్షణ సంస్థ ఏర్పాటైంది. హైదరాబాద్‌లోని చంచల్‌గూడలోనూ రాష్ట్రస్థాయి సంస్థ ఉంది. అయితే చిన్న జైలు నుంచి ఒక్కరిని పంపినా ఆ విధుల భారం మిగిలినవారిపై పడుతుంది. ప్రయాణ భత్యం కన్నా ఈ ఖాళీయే పెద్ద సమస్య. ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు మాత్రం సర్వీసులోనూ శిక్షణ నిరంతరం కొనసాగాలంటున్నాయి.

తెలియకపోతే నష్టమెవరికి?
భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. 479వ సెక్షన్ ప్రకారం గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బాండుపై విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. గరిష్ఠ శిక్ష మూడేళ్లయితే ఏడాదికే అర్హత వస్తుంది. పాత చట్టంలో ఏడాదిన్నర ఆగాల్సి వచ్చేది. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోర్టుకు దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. రికార్డులు చూసే ఉద్యోగికి ఈ లెక్క తెలియకపోతే పేద ఖైదీ మరో ఆరు నెలలు లోపలే మగ్గే ప్రమాదముంది.

ఎలా చేయవచ్చు?
విధులు మారే వేళ వారానికి ఒక అంశాన్ని 20 నిమిషాలు చర్చిస్తే ఏడాదికి 17 గంటలకు పైగా శిక్షణ అవుతుంది. ప్రతి షిఫ్టుకూ అదే పాఠం చెబితే ఎవరూ జైలు విడిచి వెళ్లనక్కరలేదు. బోధకులు ఊళ్లోనే ఉన్నారు.

* వైద్యుడు: ఛాతీనొప్పి, మూర్ఛ, మద్యం మానినవారిలో వణుకు, ఆత్మహత్య ఆలోచనల సంకేతాలు
* అగ్నిమాపక సిబ్బంది: మంటలు రేగితే ఖైదీలను బయటకు తరలించడం
* జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదులు: బెయిలు, 479 లెక్కలు
* సీనియర్ వార్డర్: తనిఖీలు, తాళాలు, గొడవలను మాటతో సద్దుమణచడం

రిజిస్టరులో తేదీ, అంశం, హాజరు నమోదు చేయాలి. మరుసటి వారం రెండు ప్రశ్నలడిగితే ఎవరికి ఎంత తెలిసిందీ బయటపడుతుంది. తనిఖీకి వచ్చే ఉన్నతాధికారులు ఆ రిజిస్టరునూ అడిగి చూస్తేనే ఇది నిలుస్తుంది.