మాస్టు కుహరంలో ఇరుక్కున్న తెరచాప

గాలి వేగం రెట్టింపైతే తెరచాపపై పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కాబట్టి, గాలి పెరుగుతున్నప్పుడు చాప విస్తీర్ణాన్ని సకాలంలో తగ్గించుకోవడమే పడవ నడిపేవారికి మొదటి రక్షణ. గంటకు 37 కిలోమీటర్ల వేగంతో, అంటే నావికుల లెక్కలో 20 నాట్లతో వీచే గాలి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరుపై దాదాపు ఆరున్నర కిలోల బరువంత ఒత్తిడి తెస్తుంది. అదే 30 నాట్లకు చేరితే ఆ ఒత్తిడి 15 కిలోలకు దగ్గరవుతుంది. ఈ లెక్కన 30 చదరపు మీటర్ల చాప మొదటి గాలిలో రెండు క్వింటాళ్ల తోపుడును, రెండో గాలిలో నాలుగున్నర క్వింటాళ్లకు దగ్గరగా ఉండే తోపుడును భరించాలి. అలాంటి వేళ చాప సగం లోపలికి, సగం బయటికి ఉండి ఎటూ కదలకపోతే ఏం చేయాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

తూర్పు తీరపు జాలర్లు తరతరాలుగా వాడిన తెరచాప నావల్లో ఈ చిక్కు దాదాపుగా లేదు. చాపను మోసే అడ్డకర్రను ఎత్తిపట్టిన తాడు వదిలితే కర్ర, చాప కలిసి తమ బరువుతోనే కిందికి వచ్చేవి. ఇరవయ్యో శతాబ్దంలో విహార పడవలు పెద్దవై, వాటిని నడిపే మనుషులు తగ్గి, ఇద్దరే దంపతులు సముద్రాలు దాటడం మొదలైన తరవాత, ఎవరూ పడవ ముందుభాగానికి వెళ్లకుండానే చాపను చుట్టిపెట్టే ఏర్పాటు అవసరమైంది. 1974లో 'కరేజియస్' పడవతో అమెరికాస్ కప్ గెలిచిన చాపల తయారీదారు టెడ్ హుడ్ సంస్థ ఆ దశకంలోనే, చాపను మోసే నిలువు స్తంభమైన మాస్టు లోపల దాన్ని చుట్టే 'స్టోవే' అనే పద్ధతిని తెచ్చింది. ఆ తరవాత స్వీడన్‌కు చెందిన సెల్డెన్ వంటి మాస్టు తయారీ సంస్థలు ఇలాంటి ఏర్పాట్లను విస్తృతంగా అందించాయి. అయినా దీన్ని అందరూ స్వీకరించలేదు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, కేప్ హార్న్ మీదుగా భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిన భారత నౌకాదళపు తెరచాప పడవ 'తారిణి'లోని ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆ పడవ ముందుచాపలు చుట్టుకునేవే అయినా, పెద్ద చాప మాత్రం కొంత కొంతగా కిందికి దించి కట్టివేసే పాత రకానిది. దక్షిణ మహాసముద్రపు గాలుల్లో తిరగవలసిన పడవకు ఇది సరైన ఎంపికే. ఎందుకంటే దించే చాప ఎక్కడ ఆగినా మిగతాది చేత్తో లాగి కిందికి తేవచ్చు. మాస్టులో చుట్టుకునే చాప పూర్తిగా బయటికి విచ్చుకుంటే తప్ప దాన్ని కిందికి దించడం సాధ్యం కాదు. సగంలో ఇరుక్కున్న చాపకు ఉన్న అసలు ప్రమాదమంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది.

ఈ ఏర్పాటులో బోలుగా ఉన్న అల్యూమినియం మాస్టు లోపల నిలువునా ఒక కడ్డీ ఉంటుంది. చాప ముందు అంచును ఆ కడ్డీకి ఉన్న గాడిలోకి ఎక్కిస్తారు. తాడుతోనో, పళ్ల చక్రాలతోనో, మోటారుతోనో కడ్డీని తిప్పితే మాస్టు వెనుకవైపున్న సన్నని నిలువు చీలిక గుండా చాప లోపలికి వెళ్లి చుట్టుకుంటుంది. చాప వెనుక మూలను బూమ్ అనే అడ్డ స్తంభం వెంట బయటికి లాగే తాడును అవుట్‌హాల్ అంటారు. ఒకరు కడ్డీని తిప్పుతుంటే మరొకరు అవుట్‌హాల్‌ను బిగువు పోకుండా కొద్దికొద్దిగా వదలాలి. పని ఇంతే, కానీ కంటికి కనిపించని కుహరంలో జరిగే పని కాబట్టి తప్పు జరిగిన సంగతి అప్పటికప్పుడు తెలియదు.

ఆ తప్పు ఎంత పెద్దదో చిన్న లెక్క చెబుతుంది. కడ్డీ వ్యాసం 40 మిల్లీమీటర్లు, గుడ్డ మందం 0.4 మిల్లీమీటరు, చాప అడుగు అంచు పొడవు నాలుగున్నర మీటర్లు అనుకుంటే, బిగువుగా చుట్టిన చాప అడుగున 28 చుట్లు తిరిగి 62 మిల్లీమీటర్ల వ్యాసం గల చుట్టవుతుంది. అదే చాపను వదులుగా చుట్టి, పొరల మధ్య గుడ్డకు ఉన్నంత మందమే గాలి కూడా మిగిలిపోతే చుట్ట వ్యాసం 79 మిల్లీమీటర్లకు చేరుతుంది. కుహరం వెడల్పు 75 మిల్లీమీటర్లే అయితే మొదటి చుట్ట సులభంగా తిరుగుతుంది, రెండోది గోడలకు ఒరుసుకుని ఆగిపోతుంది. తెరిచేటప్పుడు ఇరుక్కునే చాపల్లో ఎక్కువ భాగం అంతకుముందు మూసేటప్పుడే చెడిపోయి ఉంటాయి.

ఇది యంత్రం సమస్య కన్నా గుడ్డ సమస్య కాబట్టి, సముద్రానికి దూరంగా, ఓరుగల్లు దగ్గరున్న పరకాల ప్రాంతంలోనే దీన్ని తేలిగ్గా అర్థం చేసుకోగలవారు ఎందరో ఉన్నారు. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పరకాల నియోజకవర్గంలోని గీసుకొండ, సంగెం మండలాల్లోనే ఉంది; సూరత్, భివండి, షోలాపూర్‌లకు వలస వెళ్లి మరమగ్గాలు నడిపిన ఓరుగల్లు నేతకారులకు ఇక్కడే పని దొరకాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. మగ్గపు భీము అనే రోలరుకు పడుగు చుట్టేటప్పుడు ఒక పక్క పోగులు వదులైతే పై పొర కింది పొరలోకి దిగబడి, నేతలో అక్కడే పోగులు తెగడం వారికి తెలిసిన సంగతే. మాస్టులోని కడ్డీపై చాప ప్రవర్తన కూడా అచ్చంగా అలాగే ఉంటుంది.

సాధారణ విహార పడవల చాపలు చాలావరకు బిగువుగా నేసిన పాలిస్టర్ గుడ్డే. పడుగు వెంట, పేక వెంట లాగినప్పుడు ఆ గుడ్డ దాదాపుగా సాగదు. ఐమూలగా లాగితే మాత్రం పోగుల మధ్య కోణం మారి సాగుతుంది. దీన్ని అడ్డుకోవడానికి నేత సందుల్లో జిగురు లాంటి రెజిన్ పట్టిస్తారు. ఏళ్ల తరబడి ఎండలో ఉండి, గాలికి రెపరెపలాడిన చాపలో ఆ రెజిన్ పగిలిపోయి, గుడ్డ ఐమూలగా సాగి, చాప మధ్యలో సంచిలా దిగబడుతుంది. అలా మిగిలిన గుడ్డకు చుట్టేటప్పుడు చోటు ఉండదు కాబట్టి అది మడత పడుతుంది. మడత పడ్డచోట ఒక పొరకు బదులు మూడు పొరలు చీలికలోకి ఒకేసారి వస్తాయి. సాగిపోయిన చాప ఉన్న పడవలో ఎంత మంచి యంత్రం బిగించినా ఉపయోగం లేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

కొత్త చాపలోనూ మడతలు పడే వీలుంది. బూమ్ కొన మరీ పైకి లేస్తే చాప వెనుక అంచు వదులై పైభాగంలోను, మరీ కిందికి దిగితే అడుగు అంచు వదులై కిందిభాగంలోను ముడతలు చుట్టుకుంటాయి. హాల్యార్డ్, అంటే చాపను పైకెత్తి పట్టిన తాడు, తగినంత బిగువుగా లేకపోతే ముందు అంచు వెంట ముడతలు వస్తాయి. మాస్టును వెనక్కి వంచే తీగ బిగువుగా ఉంటే మాస్టు వంగి, లోపలి కడ్డీ గోడకు రాసుకుంటుంది. కడ్డీ తిరిగే దిశను బట్టి గాలి ఒక పక్క నుంచి వచ్చినప్పుడు చాప చీలికలోకి నునుపుగా జారుతుంది, మరో పక్క నుంచి వస్తే చీలిక అంచుపై పదునుగా మలుపు తిరుగుతుంది. ఏ పక్క మంచిదో తమ పడవ విషయంలో ముందే తెలుసుకుని ఉండటం నడిపేవారి బాధ్యత.

ఇరుక్కున్న చాపను బలంగా లాగడం ఎందుకు పనికిరాదో ఘర్షణ సూత్రం వివరిస్తుంది. గుండ్రటి వస్తువు చుట్టూ తిరిగిన తాడు పట్టు చుట్టుచుట్టుకూ కూడికతో కాక గుణకారంతో పెరుగుతుందని 18వ శతాబ్దంలో ఆయిలర్ గణితపరంగా చూపాడు. ఘర్షణ గుణకం 0.3 అయితే ఆ పట్టు ఒక చుట్టుకు ఆరున్నర రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు 286 రెట్లు. చాప పొరల మధ్య నొక్కుకుపోయిన మడతపై ఇలాంటి చుట్లు ఎన్నో ఉంటాయి కాబట్టి, అవుట్‌హాల్‌ను లాగిన కొద్దీ బయటి పొరలు లోపలి పొరలను మరింత బిగించి ఆ మడతను ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. పైగా తాళ్లు లాగే వించ్ అనే యంత్రం చేతి బలాన్ని 40 రెట్లు పెంచగలదు. ఘర్షణ నష్టాలను పక్కన పెడితే, 15 కిలోల బలంతో తిప్పిన చెయ్యి 600 కిలోల లాగుడు పుట్టిస్తుంది. ఆ లాగుడుకు మడత విడిపోకముందే గుడ్డ చిరగవచ్చు, కడ్డీ మెలితిరగవచ్చు.

కాబట్టి మొదట చేయవలసినది ఆగడం. ఇంజన్ నడిపి పడవ ముక్కును దాదాపుగా గాలికి ఎదురు తిప్పితే చాపపై భారం చాలావరకు పోతుంది. మాస్టును వంచే తీగను, బూమ్‌ను కిందికి పట్టే తాళ్లను వదులు చేయాలి. తరవాత బైనాక్యులర్స్‌తో, రాత్రయితే టార్చితో, చీలికను అడుగు నుంచి పైవరకు పరిశీలిస్తే మడత ఎక్కడుందో సాధారణంగా కనిపిస్తుంది. అక్కడి నుంచి పని ఓపికతో సాగాలి. బయటికి రాని చాపను ముందు లోపలికే ఒకటి రెండు చుట్లు బిగువుగా తిప్పి, మళ్లీ ఒక అడుగు బయటికి లాగి, తిరిగి లోపలికి తిప్పుతుంటే ప్రతిసారీ మడత కొద్దిగా స్థానం మార్చుకుంటుంది. ఈ ముందువెనుకల మధ్య బూమ్ కొనను కొంచెం ఎత్తి, కొంచెం దించి చూడాలి; గాలిని ఒక పక్కకు బదులు మరో పక్క నుంచి తీసుకుని చూడాలి. మడత చేతికందే ఎత్తులో ఉంటే మాస్టు పక్కన నిలబడిన మనిషి చీలిక దగ్గర గుడ్డను రెండు చేతులా పట్టి నేరుగా వెనక్కి లాగడం వించ్ కన్నా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ బలం మడత ఉన్నచోటే పడుతుంది.

అంతకీ కదలకపోతే, గాలి పెరుగుతుంటే, బయట మిగిలిన చాపను ఖాళీగా ఉన్న మరో హాల్యార్డ్‌తో మాస్టు చుట్టూ చుట్టి కట్టివేయడం అనుభవజ్ఞులు చెప్పే మార్గం. మనిషిని మాస్టు పైకి ఎక్కించడం అలల్లో ప్రమాదకరం. పడవ కొద్దిగా ఒరిగినా 15 మీటర్ల ఎత్తులో ఆ ఊపు మీటర్లలో ఉంటుంది. పడవే ప్రమాదంలో పడినప్పుడు గుడ్డను కత్తితో కోసి వదిలించుకోవడానికి వెనుకాడకూడదు. రేవుకు చేరిన తరవాత గాలి లేని ఉదయాన చాపను పూర్తిగా విప్పి, కిందికి దించి, ఉప్పును మంచినీటితో కడిగి, నేలపై పరిచి చూస్తే మడతలు పడిన గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. అవి చాప మధ్యలో గుంపుగా ఉంటే గుడ్డ సాగిపోయిందని, చాపను తిరిగి కత్తిరించి కుట్టించడమో మార్చడమో తప్పదని అర్థం, ముందు అంచు వెంటే ఉంటే మాత్రం హాల్యార్డ్ బిగువు సరిచేసుకుంటే సరిపోతుంది.