హిమాలయన్ బండి: ఏ భాగం ఎందుకలా ఉంది?



వీధిలో హిమాలయన్ బండి ఒకటి ఆగిందంటే చాలు, పిల్లలు చుట్టూ మూగుతారు. "ఎంత స్పీడ్ పోతుందన్నా?" అనేదే మొదటి ప్రశ్న. ఆ బండి చేసినవాళ్లు అంతకంటే ఎక్కువగా ఆలోచించిన ప్రశ్నలు రెండున్నాయి. రోజంతా నడిపే మనిషి అలిసిపోకుండా ఉండేదెట్లా? దారి బాగాలేని చోట బండి అదుపులో ఉండేదెట్లా? ఈ రెండూ తెలిస్తే బండి రూపమంతా అర్థమవుతుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదటి హిమాలయన్ 2016లో వచ్చింది. పూర్తిగా కొత్త ఇంజనుతో హిమాలయన్ 450 అనేది 2023 నవంబరులో వచ్చింది. పేరు హిమాలయాలదే అయినా, తయారయ్యేది మన తమిళనాడులో, చెన్నై పక్కనే.

చక్రాలు

ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. స్కూటర్లకు చాలావరకు 10 లేదా 12 అంగుళాలే ఉంటాయి. ఎద్దులబండి చక్రం ఎందుకంత పెద్దదో మీ తాతగారిని అడగండి. చిన్న చక్రం గుంటలో దిగబడుతుంది, పెద్దది గుంట అంచుల మీదుగా దాటిపోతుంది. ఇక్కడా అదే సూత్రం. బండి అడుగుకూ నేలకూ మధ్య 230 మిల్లీమీటర్ల ఎడం ఉంది. అంటే మీ పెద్ద స్కేలులో ముప్పాతిక వంతు. రాయి తగిలి ఇంజను దెబ్బతినకుండా ఈ ఏర్పాటు. కుదుపుల్ని మింగడానికి రెండు చక్రాల దగ్గరా సస్పెన్షన్ 200 మిల్లీమీటర్ల దాకా కదులుతుంది.

కూర్చునే తీరు

రేసు బండి మీద ముందుకు వంగి పడుకున్నట్టు కూర్చుంటారు. గంటసేపటికే నడుమూ మణికట్లూ పట్టేస్తాయి. టూరింగ్ బండిలో హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది, వీపు నిటారుగా ఉంటుంది. గతుకులొస్తే ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడవచ్చు. అప్పుడు మన మోకాళ్లే స్ప్రింగులు. పెట్రోలు బంకు దూరంగా ఉన్నా ఇబ్బంది లేకుండా 17 లీటర్ల ట్యాంకు పెట్టారు.

ఇంజను

కొండ ఎక్కేటప్పుడు బండి నెమ్మదిగా పోతుంది, ఎదురుగాలి తక్కువ. ఇంజను మాత్రం బాగా కష్టపడుతుంది. అందుకే ఈ 452 సీసీ ఇంజనును చల్లబరచడానికి రేడియేటరూ కూలంటూ ఉన్నాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, 5,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు సగమే. గాలి తగ్గితే పెట్రోలు కూడా తగ్గించాలి. ఆ లెక్క క్షణక్షణం ఫ్యూయల్ ఇంజెక్షన్ చూసుకుంటుంది.

బ్రేకులు

అసలు పాఠం ఇక్కడుంది. గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం ఆగిపోయి జారుతుంది. జారే చక్రం మన మాట వినదు, బండి పడిపోతుంది. ఏబీఎస్ ఉన్న బండిలో చక్రం ఆగిపోబోతోందని సెన్సారు కనిపెడుతుంది. వెంటనే బ్రేకును కాస్త వదిలి మళ్లీ పడుతుంది, సెకనుకు ఎన్నోసార్లు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఇది తప్పనిసరి.

అయినా ఏబీఎస్ చెయ్యలేని పని ఒకటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కుక్క అడ్డం వచ్చిందని గ్రహించి చెయ్యి బ్రేకు మీద పడడానికి ఒక్క సెకను పట్టినా, ఆ 17 మీటర్లూ బ్రేకు లేకుండానే పోతాం. పైగా వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టాక 40లో ఆగే దూరానికి 80లో దాదాపు నాలుగింతలు కావాలి. ఏ కంపెనీ బండైనా ఈ లెక్కను మార్చలేదు.

ప్లస్ టూకి బండి కొనిస్తారా?

చాలా ఇళ్లలో నడుస్తున్న మాటే ఇది. ఈ బండి బరువు 196 కిలోలు, అంటే దాదాపు ముగ్గురు పెద్దవాళ్ల బరువు. ఒక పక్కకు ఒరిగితే పదిహేనేళ్ల పిల్లవాడు ఆపలేడు. 18 నిండనిదే గేర్ల బండికి లైసెన్సు రాదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు గానీ బండి యజమానికి గానీ 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. వెనక కూర్చునే పిల్లలకు కూడా, 4 ఏళ్లు దాటితే, హెల్మెట్ తప్పనిసరి.

పిల్లలకు ఒక చిన్న పని. ఈ సాయంత్రం బండి ఆగి ఉన్నప్పుడు, వేడి చల్లారాక, ముందు చక్రం మధ్యలో చూడండి. డిస్కు లోపల గాట్లున్న చిన్న రింగు కనిపిస్తే అది ఏబీఎస్‌దే. పెద్దలకూ ఒక పని. మీ ఇంట్లో బండెక్కేవాళ్లు ఎందరో, హెల్మెట్లు ఎన్నో లెక్కపెట్టండి. రెండు లెక్కలూ ఒకటి కావాలి.